తిండికి కరువు తెచ్చుకోకండి

సాయంత్రం ఆరు. అనంతపురంలో ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. స్టడీ హాల్ నుంచి బయటికొచ్చారు. పొద్దున రెండు ఇడ్లీలు తిన్నారు. మధ్యాహ్నం ‘బరువు తగ్గాలి’ అని భోజనం మానేసి రెండు టీలతో సరిపెట్టుకున్నారు. రోడ్డు పక్కన బండి మీద, బాణలిలో మిరపకాయ బజ్జీలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. ఒక్కటి తిందాంలే అనుకున్నారు. లెక్క చూసుకునేసరికి ఆరయ్యాయి. పక్కనే బొరుగుల మిక్చర్ పొట్లం, పైన ఒక కూల్‌డ్రింక్. రూముకొచ్చాక మనసంతా చేదు. ‘ఎట్లయినా రేపటి నుంచి గట్టిగా ఉండాల’ అని ఒట్టు. రేపు మధ్యాహ్నం మళ్లీ భోజనం బంద్. రేపు సాయంత్రం ఆరుకు మళ్లీ అదే బండి.

ఇది మీ కథేనా? అయితే ముందు ఒక మాట. తప్పు బజ్జీది కాదు. మీకు మనోబలం లేకపోవడమూ కాదు. చాలావరకు తప్పు మధ్యాహ్నం మానేసిన ఆ భోజనానిది.

కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల కోసం ఊళ్ల నుంచి వచ్చి గదుల్లో ఉంటున్నవాళ్లు ఈ పట్టణంలో వేలల్లో ఉంటారు. ఊళ్లో ఉన్నప్పుడు చేనికి నడిచేవాళ్లు, బిందెలు మోసేవాళ్లు, బర్రెల్ని తోలుకుపోయేవాళ్లు. ఇక్కడికొచ్చాక రోజుకు పది గంటలు కుర్చీ. ఏడాది తిరిగేసరికి ఏడెనిమిది కిలోలు పెరగడం పెద్ద వింత కాదు. ఆఫీసు ఉద్యోగమైతే సరే, నిదానంగా తగ్గొచ్చు అనుకుంటారు. పోలీసు ఉద్యోగం కోరుకునేవాళ్లకు అలా కుదరదు. ప్రిలిమ్స్ దాటగానే 1600 మీటర్ల పరుగు ఎదురుగా నిలబడుతుంది. అప్పుడు మొదలవుతుంది కంగారు. ఆ కంగారులోనే చాలామంది మొదట చేసే పని కడుపు మాడ్చుకోవడం.

కరువుతీరా తినడం అంటే...

మన భాషలో ‘కరువుతీరా తిన్నాడు’ అనే మాట ఉంది. కరువు పోయేదాకా తిన్నాడని. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ఈ జిల్లాలో ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే చాలావరకు ఖాళీ అయిపోతాయి. ఈశాన్య మేఘాలు తీరం దాటి ఇక్కడికొచ్చేసరికి నీరసిస్తాయి. తిండి దొరకని రోజులు చూసినవాళ్లు, దొరికినప్పుడు ఎట్లా తింటారో మన అవ్వాతాతలకు బాగా తెలుసు. డైటింగ్ పేరుతో మనం చేసేదీ అదే. కరువును మనమే పిలిచి ఇంట్లో కూర్చోబెట్టుకుంటాం. తర్వాత కరువుతీరా తింటాం. ఆ తర్వాత మనల్ని మనమే తిట్టుకుంటాం.

దీన్ని కావాలనే చేసి చూసిన ప్రయోగం ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆకలికి చిక్కిపోయినవాళ్లకు మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులు తమంతట తాము ముందుకొచ్చారు. దాదాపు ఆరు నెలలపాటు వాళ్లకు రోజుకు సుమారు 1,570 కేలరీల తిండి పెట్టారు. వారానికి ముప్ఫై అయిదు కిలోమీటర్ల దాకా నడిపించారు. ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. అసలు సంగతి అది కాదు. వాళ్ల బుర్రలో తిండి తప్ప ఇంకేమీ మిగల్లేదు. కొందరు వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. పళ్లేలు నాకారు. మాటలన్నీ తిండి గురించే, కలలూ తిండి గురించే. ప్రయోగం అయ్యాక కొందరు కడుపు పగిలేలా తిని కూడా ఇంకా ఆకలే అన్నారు.

వాళ్లు మనోబలం లేనివాళ్లు కాదు. ఆరు నెలలు ఆ ఆకలిని పట్టుదలతో భరించినవాళ్లు. అయినా శరీరం తన పని తాను చేసుకుపోయింది. ఇప్పుడు ఫోన్‌లో తిరిగే డైట్ చార్టులు చూడండి, చాలావాటిలో 1,200 కేలరీలే ఉంటాయి. అంటే 1944 నాటి ‘ఆకలి ప్రయోగం’ కంటే తక్కువ. దాన్ని పాటిస్తూ రాజ్యాంగంలోని అధికరణలు గుర్తుండట్లేదని బాధపడితే ఎలా?

ఆకలా? యావా?

ఈ రెంటినీ విడదీసి చూడటం వస్తే సగం పని అయినట్టే. ఆకలి మెల్లగా వస్తుంది. ఏది పెట్టినా సరేనంటుంది, పొద్దుటి సద్ది సంగటైనా. యావ ఉన్నట్టుండి వస్తుంది. పేరు పెట్టి మరీ అడుగుతుంది: ఆ సర్కిల్లో ఆ బండి మీది ఆ బజ్జీయే కావాలంటుంది. కాబట్టి నోరూరినప్పుడు మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. ‘ఇప్పుడు ఎవరైనా రెండు జొన్నరొట్టెలు, కాస్త పప్పు పెడితే తింటానా?’ తింటాను అనిపిస్తే అది ఆకలి. పోయి భోజనం చేయండి, బరువు సంగతి తర్వాత. ‘ఛ, రొట్టెలొద్దు, బజ్జీయే కావాల’ అనిపిస్తే అది యావ.

యావ అలలాంటిది. లేస్తుంది, కాసేపు ఊపుతుంది, దిగుతుంది. అది దిగదేమో అన్న భయంతోనే మనం లొంగిపోతాం. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక తమాషా పని చేశారు. యావతో ఉన్నవాళ్లకు మూడు నిమిషాలు టెట్రిస్ ఆట ఇచ్చారు. పైనుంచి పడే దిమ్మెల్ని సర్దే పాత వీడియో గేమ్ అది. ఆడినవాళ్లలో యావ తీవ్రత తగ్గింది. కారణం ఏమిటంటే, యావ ఎక్కువగా మనసులో బొమ్మగా కదులుతుంది. బజ్జీ రంగు, కరకర, పొగ... బుర్రకు ఇంకో బొమ్మల పని అప్పజెబితే దీనికి చోటు దొరకదు.

మీకు టెట్రిస్ అక్కర్లేదు. తెల్లకాగితం మీద భారతదేశం పటం గీసి, చూడకుండా నదుల్ని పెట్టండి. పెన్నా, చిత్రావతి, హగరి, తుంగభద్రలతో మొదలుపెట్టి పైకి పోండి. యావ దిగేసరికి జాగ్రఫీలో ఒక మార్కు కూడా రావచ్చు. రీల్స్ మాత్రం చూడకండి. రెండు వీడియోలు తిప్పితే మూడోది నెయ్యి కారుతున్న దోశే వస్తుంది.

ఇంకొకటి, దారి. రోజూ సాయంత్రం మీరు వెళ్లే దారిలో ఎన్ని బండ్లున్నాయో లెక్కపెట్టండి. యావ చాలాసార్లు నోటి నుంచి పుట్టదు, ఆ మలుపు నుంచి పుడుతుంది. నూనె వాసన తగలగానే నిన్నా మొన్నా తిన్నది గుర్తొస్తుంది. పక్క సందులోంచి వెళ్తే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే. దీన్ని పిరికితనం అనుకోవద్దు. రోజూ యుద్ధం చేసి గెలవాలనుకునేవాడి కంటే యుద్ధమే లేకుండా చూసుకునేవాడు తెలివైనవాడు.

మార్చి నుంచి జూన్ దాకా ఇంకో మోసం జరుగుతుంది. దాహం ఆకలిలా వేషం వేసుకొస్తుంది. ఫ్యాను కింద వేడిగాలిలో అయిదారు గంటలు చదివి, చుక్క నీళ్లు తాగకుండా ‘ఏదో ఒకటి తినాలనిపిస్తోంది’ అంటారు. ముందు ఒక పెద్ద గ్లాసు నీళ్లో, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగో తాగి పది నిమిషాలు ఆగండి.

తాతల సంగటి, మన కుర్చీ

‘పాతకాలంలో సంగటి తిన్నారు, ఉక్కులా ఉన్నారు. మనమూ రాగిసంగటికి మారిపోదాం’ అని ఈమధ్య అందరూ అంటున్నారు. సగం నిజం. ఈ ఎర్రనేలల్లో ఒకప్పుడు రాగి, కొర్ర, సామ, జొన్న, సజ్జ పండేవి. వానాకాలం నాలుగు చినుకులు పడినా చేతికొచ్చే పంటలవి. తర్వాత వేరుశనగ వచ్చి చేలన్నీ ఆక్రమించింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టాక, పండక్కి మాత్రమే వండుకునే వరి అన్నం పేదల ఇళ్లలోకి రోజూ వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, తప్పు పట్టడానికి లేదు. కానీ పళ్లెం మారిపోయింది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు, వాళ్లతో కలిసి నడిచే ధరణి రైతుల సహకార సంఘం, చిరుధాన్యాల్ని మళ్లీ చేలల్లోకి, అంగళ్లలోకి తెచ్చే పని చేస్తూ వస్తున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మాల్స్‌లోనూ కొర్రలు కనిపించడం మొదలైంది.

ఇక మిగతా సగం. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 355 కేలరీలుంటే, రాగుల్లో 320. తేడా ఉంది గానీ పెద్దది కాదు. రాగిలో కాల్షియం వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. పీచు ఎక్కువ, అరగడం నిదానం, అందుకే కడుపు ఎక్కువసేపు నిండుగా ఉంటుంది. ఇవన్నీ మంచివే. కానీ గుమ్మడికాయంత ముద్ద పెట్టుకుంటే రాగైనా బరువు పెంచుతుంది. తాతలు అంత ముద్ద తిని బావి తవ్వారు. మనం తిని మాక్ టెస్ట్ రాస్తాం. ముద్ద పిడికిలిన్నర ఉంటే చాలు. దాని పక్కన ఏముందో చూడండి, అక్కడుంది కిటుకు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. మనం తినే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దని అందులో ఉంది. మన ఇళ్లలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది. హాస్టల్ మెస్ పళ్లెం గుర్తు తెచ్చుకోండి. అన్నం కొండలా, సాంబారు చెరువులా, కూర నంజుకోవడానికి. ఆ కొండ కరిగాక రెండు గంటల్లో మళ్లీ ఆకలి. దీన్ని తలకిందులు చేయడానికి మెస్‌వాళ్లతో గొడవ అక్కర్లేదు. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఇంకో గరిటె అడగండి. పప్పు అడిగితే కాదనే మెస్ చాలా అరుదు. సాంబారులో అడుగున ఉన్నది వేయమనండి. రూములో రెండు టమోటాలు, ఒక దోసకాయో క్యారెట్టో కోసుకుని పట్టుకెళ్లండి. మొదట అవి తిని, తర్వాత పప్పు, చివర్లో అన్నం. మొదట్లో సిగ్గుగా ఉంటుంది. వారానికి పక్కవాడు కూడా తెచ్చుకుంటాడు.

పొద్దున ఉగ్గాని సంగతి చెప్పాలి. ఉగ్గాని లేకుండా అనంతపురం లేదు, మానమంటే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. బొరుగులు నానబెట్టి, పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపులో కలిపిన ఈ టిఫిన్ తేలికైనదే. ఇబ్బంది ఎక్కడంటే మాంసకృత్తులు చాలా తక్కువ. పైన చల్లే పుట్నాల పొడి ఆ లోటు కొంచెం తీరుస్తుంది, అందుకని పొడి ఇంకాస్త ఎక్కువ వేయించుకోండి. దానికి నాలుగు బజ్జీలు జోడిస్తే అది టిఫిన్ కాదు, నూనె స్నానం. ఒక్క బజ్జీ ఉంచుకుని, మిగతా మూడింటి డబ్బుతో ఒకటో రెండో ఉడికించిన గుడ్లు తినండి. గుడ్డు తినకపోతే గుప్పెడు నానబెట్టిన చెనక్కాయలు. పదకొండు గంటలకు వచ్చే నీరసం, దాంతో వచ్చే బిస్కెట్ యావ ఎంత తగ్గుతాయో నాలుగు రోజుల్లో మీకే తెలుస్తుంది.

అయిదు గంటల భోజనం

నన్నడిగితే బరువు తగ్గాలనుకునే విద్యార్థికి రోజులో అన్నింటికంటే ముఖ్యమైన తిండి సాయంత్రం అయిదుకు తినేది. టిఫిన్ గురించి, రాత్రి భోజనం గురించి అందరూ చెప్తారు. అయిదు గంటల గురించి ఎవరూ పట్టించుకోరు. కానీ కట్టుకున్న గట్టు తెగేది అక్కడే. ఒంటిగంటకు తిన్నది అరిగిపోయి ఉంటుంది, బుర్ర అలిసి ఉంటుంది, రాత్రి భోజనం ఇంకా మూడు గంటల దూరం. ఆ సమయంలో ఖాళీ కడుపుతో బండి ముందు నిలబడటం, గొర్రెను తోడేలు ముందు నిలబెట్టడమే.

కాబట్టి బయటికి వెళ్లకముందే తినేయండి. స్టడీ హాల్లోనే, బ్యాగులోంచి తీసి. ఇందుకు ఈ జిల్లా కంటే అనువైన చోటు ఉంటుందా? చెనక్కాయలు మన చేనువే. గుప్పెడు, అంటే ముప్ఫై గ్రాముల గింజల్లో ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఒక గుడ్డు కంటే ఎక్కువ. అలాగే 170 దాకా కేలరీలూ ఉంటాయి. అందుకే గుప్పెడు అన్నాను, పొట్లం అనలేదు. చదువుతూ కవర్లోంచి ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటే అయిదు వందల కేలరీలు ఎప్పుడు పోయాయో తెలీదు. ఒక చిన్న డబ్బాలో కొలిచి పెట్టుకోండి, డబ్బా అయిపోతే అయిపోయినట్టే. పెంకుతో ఉడకేసినవైతే ఇంకా మేలు, ఒలుచుకు తినాలి కాబట్టి చేయి నెమ్మదిస్తుంది. ఉప్పు, నూనె వేసి వేయించిన ప్యాకెట్లు ఈ లెక్కలోకి రావు.

రోజూ చెనక్కాయలే అంటే నోరు చప్పబడుతుంది. శనగ గుగ్గిళ్లు, అలసంద గుగ్గిళ్లు, చలికాలంలో అనపగింజలు. రూములో కుక్కర్ ఉంటే పొద్దున నానేసి మధ్యాహ్నం మూడు విజిల్స్. ఉల్లిపాయ, నిమ్మరసం, పచ్చిమిరప. కారం, పులుపు, కరకర మూడూ వచ్చాయి కదా. బజ్జీలో మీకు కావాల్సింది చాలావరకు అవే.

జిమ్‌లో ఎవరో చెప్పారని ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనేవాళ్లకు ఒక మాట. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని పైన చెప్పిన జాతీయ సంస్థ మార్గదర్శకాలే సూచించాయి. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లు, రెండు పూటలా గట్టి పప్పు, గుప్పెడు చెనక్కాయలు, ఒక గిన్నె గుగ్గిళ్లు, పెరుగు. ధాన్యాల్లో ఉన్నదీ కలిపితే లెక్క దాదాపు సరిపోతుంది. డబ్బా ధరకు నాన్న రెండు నెలల మెస్ బిల్లు కట్టొచ్చు.

టీ గ్లాసు అడుగున

చదువుకునేవాళ్ల బరువులో టీ వాటా మనం ఒప్పుకోం. చిన్న గ్లాసే కదా అంటాం. గ్లాసుకు రెండు స్పూన్లు అనుకుంటే పది గ్రాముల చక్కెర. రోజుకు నాలుగు టీలంటే నలభై గ్రాములు. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పావు లీటరు కూల్‌డ్రింక్ ఒక్కటి తాగినా ఆ హద్దు తీరిపోయినట్టే. చక్కెర బదులు బెల్లం టీ తాగుతున్నాం అని ధీమాగా చెప్పేవాళ్లున్నారు. రుచికి సరే, బరువు లెక్కలో రెండూ ఒకటే.

ఒక్కసారే చక్కెర మానేస్తే మూడో రోజుకు తలనొప్పి, నాలుగో రోజు రెట్టింపు తాగుడు. వారానికి అర స్పూను చొప్పున తగ్గించండి. నెల తర్వాత పాత టీ పాయసంలా అనిపిస్తుంది. చీనీ జ్యూస్ విషయమూ అంతే. ఈ జిల్లా చీనీ తోటలకు పెట్టింది పేరు. కాయ ఒలుచుకుని తొనలు తినండి. బండి మీద నాలుగు కాయలు పిండి, చక్కెర పాకం పోసి ఇచ్చే గ్లాసు వేరు. ఎండాకాలం కళింగర ముక్కలైతే ఇంకా హాయి, కడుపూ నిండుతుంది, దాహమూ తీరుతుంది.

రాత్రి రెండింటికి ఆకలేస్తోందా?

తప్పు తిండిది కాకపోవచ్చు, నిద్రది. 2004లో షికాగో విశ్వవిద్యాలయంలో పన్నెండు మంది యువకుల్ని రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చి చూశారు. చాలంత నిద్రపోయిన రోజులతో పోలిస్తే ఆకలి పుట్టించే హార్మోను 28 శాతం పెరిగింది. కడుపు నిండిందని చెప్పే హార్మోను 18 శాతం తగ్గింది. వాళ్లు ఎక్కువగా కోరుకున్నవేంటో తెలుసా? తీపి, ఉప్పగా ఉండే చిరుతిళ్లు, పిండిపదార్థాలు. రాత్రి రెండింటికి మ్యాగీ ఎందుకు గుర్తొస్తుందో, ఆకుకూర పప్పు ఎందుకు గుర్తురాదో ఇప్పుడు అర్థమైందా? పరీక్ష ముందు వారం తప్ప రోజూ అర్ధరాత్రి దాటి చదివే పద్ధతి చదువుకూ మంచిది కాదు, నడుముకూ మంచిది కాదు. పెనుకొండ వైపు ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. వాళ్లు షిఫ్టు మధ్యలో తినే డబ్బాను ఇంటి నుంచే తెచ్చుకోవడం, డ్యూటీ దిగాక గదిని చీకటి చేసుకుని ఏకధాటిగా పడుకోవడం వరకైనా చూసుకోవాలి.

ఈవెంట్స్ రాసేవాళ్లకు

ఎత్తు 170 సెంటీమీటర్లు ఉన్నవాళ్లకు మన దేశ లెక్కల ప్రకారం 66 కిలోల దాకా మామూలు బరువు, 72 దాటితే ఊబకాయం కిందికి వస్తుంది. ఇప్పుడు 80 ఉన్నారనుకుందాం. పది రోజుల్లో పది కిలోలు అనే ప్రకటనల్ని పక్కన పెట్టండి. వారానికి అర కిలో, మూడు నెలలకు ఆరు కిలోలు. ఇది నిలిచే లెక్క. అర కిలోకు రోజూ సుమారు 500 కేలరీలు తగ్గాలి. టీల్లో చక్కెర సగం, కూల్‌డ్రింక్ ఒకటి, అన్నం ఒక గరిటె, బజ్జీలు మూడు. లెక్క అక్కడికి దగ్గర పడుతుంది, ఒక్క పూట కూడా పస్తు లేకుండా.

మొదటి వారంలో రెండు కిలోలు తగ్గితే సంబరపడొద్దు, అందులో ఎక్కువ నీళ్లే. మూడో వారంలో తూకం కదలకపోతే కుంగిపోవద్దు. తూకం వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున్నే చూడండి. తూకం కంటే పరుగు టైమ్ రాసుకోవడం మేలు. ఎందుకంటే కడుపు మాడ్చి తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కాలి కండ కూడా పోతుంది. బరువు ఆరు కిలోలు తగ్గి, 1600 మీటర్ల టైమ్ మాత్రం అలాగే ఉన్నవాళ్లు గ్రౌండులో మీకు కనిపిస్తూనే ఉంటారు. పరిగెత్తే రోజు పొద్దున ఒక అరటిపండు తినే వెళ్లండి. అయ్యాక అరగంటలో గుడ్లో, గుగ్గిళ్లో.

ఈవెంట్స్‌కు వారం ముందు నీళ్లు తగ్గించడం, ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని ఎండలో పరిగెత్తడం, విరేచనాల మాత్రలు మింగడం లాంటి చిట్కాలు సీనియర్ల నోట వినిపిస్తాయి. నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఇవి ప్రాణం మీదికి తెస్తాయి. చెప్పినవాళ్లు ఎంత దగ్గరివాళ్లైనా చేయొద్దు.

అమ్మాయిలకు ఇంకో లెక్క కూడా ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో మహిళల్లో మూడో వంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారు. సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు. లావుగా ఉన్నా ఒంట్లో రక్తం లేదు. అలాంటప్పుడు భోజనం మానేస్తే బరువు తగ్గడం అటుంచి మెట్లెక్కితేనే ఆయాసం. ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం అవగానే టీ తాగితే అదే ఇనుము వృథా. నెలసరి ముందు నాలుగైదు రోజులు తీపి మీదికి మనసు లాగుతుంటే అది మీ తప్పు కాదు, హార్మోన్ల పని. ఆ రోజుల్లో చిన్న చెనక్కాయ ఉండ ఒకటి తినేసి ముందుకు పోండి. నెలసరి ఆగిపోయినా, తిన్నది కావాలని కక్కేయాలనిపిస్తున్నా, తిండి ఆలోచన తప్ప ఇంకేమీ సాగకపోయినా చిట్కాలతో కాలం గడపొద్దు, డాక్టర్ని కలవండి. ఇది అబ్బాయిలకూ వర్తిస్తుంది, వాళ్లు చెప్పుకోరు, అంతే తేడా.

ఊరికెళ్లినప్పుడు...

ఉగాదికి ఓలిగలు తినొచ్చా? తినండి. రెండు తినండి, నెయ్యి వేసుకునే తినండి. ‘నాకొద్దు, డైటు’ అని పండగపూట ముఖం ముడుచుకుని కూర్చుని, రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి నాలుగు లాగించే బదులు ఇదే నయం. పండగ ఏడాదికి నాలుగైదు సార్లు. బజ్జీల బండి వారానికి ఆరు రోజులు. బరువు పెంచింది ఏదో వేరే చెప్పాలా? వారానికి ఒక రోజు బజ్జీకి కూడా చోటివ్వండి. ముందే అనుకున్న రోజున, స్నేహితులతో కలిసి, కూర్చుని, రెండు. దొంగతనంగా తిన్న ఆరింటి కంటే అవే రుచిగా ఉంటాయి.

ఇంట్లో అమ్మ మాత్రం ఊరుకోదు. బస్సు దిగి గడప తొక్కగానే ‘ఏంరా నాయనా, సరిగ్గా తింటాండావా లేదా, ఇట్లా పీక్కపోతివే’ అని పళ్లేనికి రెండో ముద్ద వేయబోతుంది. పళ్లెం మీద చెయ్యి అడ్డం పెడితే ఆమె మనసు కష్టపడుతుంది. అందుకని అడ్డం పెట్టకండి. ‘ముద్ద ఒగటి చాలు మా, పప్పు ఇంకొంచెం ఎయ్యి, ఆ ఊరిబిండి ఇట్లా జరుపు’ అనండి. పప్పు గిన్నె ఆమె దగ్గరే ఉంటుంది.